తేట నీళ్లు

తాడు కట్టిన తెల్ల పళ్లెం చెరువు అడుగుకి తగిలింది. పన్నెండడుగుల లోతులో కూడా, నీళ్లు పరీక్షించడానికొచ్చిన గఫూర్‌కి అది స్పష్టంగా కనిపిస్తోంది.

"అద్దంలా ఉన్నాయి కదా బాబూ నీళ్లు!" అంది దోనె నడుపుతున్న నూకాలు.

"చచ్చిన నీళ్లమ్మా ఇవి."

నీళ్లలో ముంచిన కాగితం ఎర్రబడింది. సన్నవలలో ఒక్క పురుగు కూడా పడలేదు.

"పులుపెక్కిపోయాయి. అందుకే నాచు లేదు, చేప లేదు. సున్నం చల్లాలని వైజాగ్ వెళ్లి రిపోర్టు రాస్తాను. రెండేళ్లలో మళ్లీ పచ్చబడతాయి."

నూకాలు గడ వేయడం ఆపేసింది.

"ఒద్దు బాబూ. నీళ్లు బాగున్నాయని రాసీ."

"చేపలు పట్టుకుని బతికేదానివి, నువ్వే వద్దంటావేటమ్మా?"

"సేపలదేటుంది? నాను కూలికెల్తాను."

ఆమె దోనె అంచు మీదికి వంగి, నీళ్ల అడుగుకి వేలు చూపించింది. అక్కడ కూలిన గోడ పక్కన ఒక నల్లరాయి ఉంది.

"ఈ సెరువు కట్టకముందు అది మా పెరడు బాబూ. ఆ రాయి కింద మా గుంటడున్నాడు. పుట్టిన మూడో నెల్లో పోయాడు. ఊరు మునిగాక ఇరవయ్యేళ్లు నాచు కప్పీసింది. ఈ ఎండాకాలవే కనపడ్డాడు."