తిరిగి వచ్చిన గొలుసు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. రాత్రంతా కురిసిన వాన వెలిసి, గుడివాడ మీద పలచని మబ్బు మాత్రం మిగిలింది. పాలక్యాను పట్టుకుని గేటు దాకా వచ్చిన ప్రేమమ్మ అక్కడే ఆగిపోయింది. వీధి చివర మోటారుసైకిలు చప్పుడైంది. ఆమె చెయ్యి దానంతటదే మెడ మీదికి వెళ్లింది. మెడలో ఏమీ లేదు. కిందటి నెల ఇదే వీధిలో, బండి మీద వచ్చినవాడొకడు ఆమె గొలుసు తెంపుకుపోయాడు.

ఎదురింటి దేవమ్మ ముగ్గు వేస్తూ తలెత్తింది.

"ఇంకా భయమేనా వదినా? ఆ రోజు కాస్త గట్టిగా పట్టుకోవలసింది. నేనైతే మెడ తెగినా వదిలేదాన్ని కాదు."

"చేతులు రాలేదు దేవమ్మా."

"అదే నేననేది. వదిలేశావు."

పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఈ మాటే ఏదో ఒక రూపంలో అన్నారు. దొంగ ముఖాన్ని ప్రేమమ్మ క్రమంగా మరిచిపోయింది. తన చేతులు చేసిన తప్పును మాత్రం మరవలేకపోయింది.

ఆమె వెనక్కి తిరిగింది. కోడలు దీప్తి క్యాను అందుకుంది. పాలు, కూరలు తెచ్చి, వంట ముగించి, ఉద్యోగానికి గుడ్లవల్లేరు బస్సు అందుకోవడం ఇప్పుడు దీప్తి వంతయింది.

"ఎవరికీ పనికిరాకుండా పోయానమ్మాయ్."

"అట్లా అనకండి అత్తయ్యా."

ఆ సాయంత్రం కొడుకు జయకృష్ణ బందరు ఆఫీసు నుంచి వస్తూనే తల్లి చేతిలో కాగితం పొట్లం పెట్టాడు.

"పోలీసులకు దొరికిందమ్మా. సంతకం పెట్టి తెచ్చాను."

ఆమె విప్పి చూసింది. అవే రెండు పేటలు. అదే మామిడిపిందె లాకెట్టు.

"ఇంత మెరుస్తోందేంరా?"

"తెగినచోట అతికించి, మెరుగు పెట్టించాను."

దీప్తి వంటింట్లోకి వెళ్లిపోయింది.

"మీ నాన్న చేయించింది," అంటూ ప్రేమమ్మ దాన్ని కళ్లకద్దుకుంది.

ఆ రాత్రి ఆమె నిద్రపోయింది. మర్నాడు క్యాను తానే తీసుకుని గేటు దాటింది.

"ఏం వదినా, పాలవాడు నిన్ను గుర్తుపడతాడంటావా?"

"పట్టకపోతే ఇంకా మంచిది. పొరపాటున నీళ్లు కలపని పాలు పోస్తాడేమో."

నెల తరువాత ప్రేమమ్మ నవ్వడం అదే మొదలు.

వారం తిరగకముందే మరో బండి వచ్చింది. ఈసారి ఆమె చేతులు ఆలస్యం చేయలేదు. రెండు గుప్పిళ్లతోనూ గొలుసును బిగించి పట్టుకుంది. బండి వీధి మలుపు దాకా ఆమెను ఈడ్చుకుపోయింది. బండి మీదివాడు చివరికి వదిలేసి పారిపోయాడు. కాలువ గట్టు రాయికి ఆమె తల కొట్టుకుంది. ఆసుపత్రికి చేరేలోగానే ప్రాణం పోయింది.

"గొలుసు మాత్రం పోనివ్వలేదు మహాతల్లి," అంది దేవమ్మ, బిగుసుకున్న ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పుతూ.

జయకృష్ణ దాన్ని ముట్టుకోలేదు.

నాలుగేళ్ల తరువాత పోలీసులు మొదటి దొంగను పట్టుకుని ప్రేమమ్మ బంగారు గొలుసును జయకృష్ణకు అప్పగించారు. ఆ రోజు ఆమె గుప్పిట్లో మిగిలింది, తల్లి పాత ఫోటో చూపించి అతను చిలకలపూడిలో చేయించిన రోల్డుగోల్డు.