తాత వేలు చూపిన చోటు

అరవై ఎనిమిదిలో మా కుష్టు ఆసుపత్రికి కొత్త మాత్రలొచ్చాయి. అవి పనిచేస్తున్నాయో లేదో చూడటం నర్సునైన నా పని. రోగి కళ్ళకు గంతలు కట్టి, ఒంటి మీద దూదిపింజ ఆనించాలి. తగిలిన చోటును అతను వేలితో చూపించాలి.

ఆ రాత్రి కరెంటు పోయింది. పొద్దున్నే పెద్ద డాక్టరుకి ఫలితం చెప్పాలి కనక, విసుక్కుంటూనే లాంతరు పట్టుకుని వార్డుకి వెళ్ళాను. పరీక్షకు మిగిలింది చివరి గదిలో ఒంటరిగా ఉండే జగన్నాధం తాత ఒక్కడే. స్పర్శ తిరిగొస్తే శ్రీకూర్మంలో కూతురింటికి పంపిస్తామని ఆశపెట్టాం.

తాత కళ్ళకు గంతలు కట్టి, దూదిని మోచేతి మీద ఆనించాను. సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. మణికట్టు దగ్గరా అంతే. ఎన్నేళ్ళుగానో మొద్దుబారిపోయిన చెయ్యి!

"మందు పనిసేస్తంది తాతా!" అన్నాను. దూదిని పళ్ళెంలో పడేసి, దూరంగా జరిగి చేతులు తుడుచుకుంటున్నాను.

ఎవరో కూర్చున్నట్టు తాత మంచం కిర్రుమంది.

తాత వేలు మళ్ళీ కదిలింది. భుజం చూపించింది. తర్వాత మెడ, తర్వాత గొంతు.

"ఏటి తాతా? నేను ముట్టుకోనేదు."

"తగుల్తంటే సూపించొద్దేటి సిస్టరమ్మా? కాస్త మెల్లగా ఆనించు. గొంతు నొక్కేస్తన్నావు."

లాంతరు మంట కదలకుండా నిలబడి ఉంది. గదిలో మేమిద్దరమే. మంచం ఇంకోసారి కిర్రుమంది.

"అమ్మయ్య, ఇప్పుడొదిలేసినావు," అన్నాడు తాత.

నేను తలుపు వైపు తిరిగాను. మెడ వెనక ఏదో మెత్తగా ఆనింది. నా వేలు దానంతటదే లేచి, ఆ చోటు చూపించింది.