ఒక్క పూట పని

"అంబులెన్స్ పిలవండి" అని, నర్సింలు వేలు తగిలిన బటన్ పేరును ఆఫీసు ఫోన్ చక్కగా పలికింది.

"విన్నారుగా నర్సింలు గారూ! పాస్ అని రాసేసి, ఈ నెలనెలా తనిఖీ ఇక ముగించండి" అంది నాచారంలోని ఆ ప్రైవేటు ఆస్పత్రి మేనేజర్ విజయశ్రీ. చూపులేనివాళ్లకు తమ యాప్ పనికొస్తోందో లేదో చూసి రిపోర్టివ్వడానికి, ఫిర్యాదు చేసిన, చూపులేని నర్సింలునే ఆస్పత్రి పెట్టుకుంది. ఇన్నాళ్లూ అతను ఫెయిల్ అనే రాస్తూ వచ్చాడు.

"మీ ఫోన్ల పలుకుతది మేడం. నా దాంట్ల సూడనియ్యుండ్రి."

జేబులోంచి పాత ఫోన్ తీశాడు. ఉప్పల్ ఇంట్లో భార్య యశోద కుప్పకూలిన రోజు అతని చేతిలో ఉన్నది అదే. ఆస్పత్రి అంబులెన్స్‌ను యాప్‌లోనే పిలవాలి. ఆ రోజు ఎక్కడ వేలు పెట్టినా "బటన్, బటన్" అందే తప్ప ఏ బటనో చెప్పలేదు. పక్కింటివాళ్లు వచ్చేసరికి ఆమె ప్రాణం పోయింది.

ఇప్పుడు వేలు పెట్టాడు. "అంబులెన్స్ పిలవండి."



"మస్తు కష్టమైందా మేడం, గీ మాట పెట్టనీకి?"

"కష్టమేముందండీ! బటన్‌కి పేరు తగిలించడమే. ఒక్క పూట పని" అని నవ్విందామె.

నర్సింలు ఫోన్‌కు చెప్పి రిపోర్టు రాయించాడు: "ఈ నెల పాస్. తనిఖీ ఆపొద్దు."

"ఇంకా ఎన్నాళ్లండీ?"

"యశోద కోసం మీకు ఒక్క పూట దొరకలె. ఇగ నాకున్న పూటలన్నీ మీకే మేడం."