పెళ్లికొడుకు చెప్పులు

రామకాంత్ కొత్త కెమెరాతో తీసిన నూట పన్నెండో ఫోటో కూడా మసగ్గానే వచ్చింది.

"ఈసారి కొంచెం నయం," అన్నాడు స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తూ.

"ఏం నయం? ఇందాక మావయ్యగారు మీలా ఉన్నారు. ఇప్పుడు ఎవరిలానూ లేరు," అంది అతని భార్య శ్రీదుర్గ.

ఆదివారం రామకాంత్ అమ్మానాన్నల యాభయ్యో పెళ్లిరోజు. హాలు గుమ్మంలో పెట్టే ఫ్లెక్సీకి ఎడమవైపు పాత పెళ్లిఫోటో, కుడివైపు ఇప్పటి ఫోటో కావాలి. ఫోటోగ్రాఫర్ దండగ, నేనున్నాగా అని చుట్టాలందరికీ అతనే ఫోన్లు చేసి చెప్పాడు.

"సాయంత్రంలోగా ఒక్కటి తేటగా రాకపోతే నేను స్టూడియోకి ఫోన్ చేసేస్తా. ఆ కెమెరా బీరువాలోకే," అంది శ్రీదుర్గ.

ఆ బీరువాలో గిటారు, జ్యూసరు, యోగా చాప ఇదివరకే ఉన్నాయి. లోపలికి వెళ్లిందేదీ మళ్లీ బయటికి రాలేదు.

రామకాంత్ చేయని ప్రయత్నం లేదు. వీడియోలు చూశాడు. స్టాండు కొన్నాడు. తిరిగేవన్నీ తిప్పాడు. కస్టమర్ కేర్ అమ్మాయి లెన్స్ తుడవమంటే రెండుసార్లు తుడిచాడు. ఇంటర్ పిల్లలకి కటకాల పాఠం చెప్పే ఫిజిక్స్ లెక్చరర్ కాబట్టి, తప్పు తనది కాదని మొదటిరోజే తేలిపోయింది.

ఇక మిగిలింది వెలుతురు.

అందుకే నలుగురూ కార్లో చిలకలూరిపేట దాటి ఓ మిరప కల్లానికి వచ్చారు. కారు కొని మూడేళ్లయినా సీట్లకి షోరూమ్ కవర్లు అలాగే ఉన్నాయి. దిగేటప్పుడు ఒక్కొక్కరి వీపూ చప్పుడు చేస్తూ ఊడొచ్చింది.

కల్లం ఎకరం మేర ఎర్రగా ఆరుతోంది. నలుగురూ వరసగా తుమ్మారు.

ఓ మూల లుంగీ కట్టుకున్న ముసలాయన కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాడు.

"పట్టా మీదకి చెప్పులతో రాకండయ్యా, పంట," అన్నాడు.

రామకాంత్ తండ్రి శేషాచలం, రిటైరైన హెడ్మాస్టరు, కోడలు పెళ్లిరోజుకి కొనిచ్చిన కొత్త చెప్పులు గట్టు మీద విడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. ఇంకో నాలుగు వేసి మళ్లీ చూశాడు.

"పెద్దాయనా, కొంచెం పక్కకి. యాభయ్యో పెళ్లిరోజు ఫోటో. మీరు అడ్డం పడుతున్నారు," అన్నాడు రామకాంత్.

ముసలాయన బుట్ట లాక్కుని పక్కకి జరిగాడు.

ఇంకో ముప్పై ఫోటోలు తీశాడు. ముప్పైలోనూ పొగమంచు.

"మా పెళ్లిఫోటోలో నా ముక్కుపుడకకి ఏడు రాళ్లూ కనిపిస్తాయిరా," అంది తల్లి దుర్గాంబ.

"అందులో నాన్న పక్కకి చూస్తున్నారుగా."

"పక్కకే చూస్తున్నారు. కానీ తేటగా చూస్తున్నారు."

పీటల మీద పెళ్లికొడుకు పక్కకెందుకు చూశాడో, పెళ్లికూతురు అంతలా ఎందుకు నవ్విందో యాభై ఏళ్లుగా ఎవరికీ తెలీదు. అడిగితే ఆవిడ నవ్వుతుంది, ఆయన పేపరు తెరుస్తాడు.

"ఏమనుకోకండి బాబూ," అన్నాడు ముసలాయన. "దాని మూతికి ఆ కవరేంటి?"

"ప్రొటెక్షనండీ. దుమ్ము పడకుండా. మా ఇంట్లో రిమోట్‌కి కూడా ఇదే కవరు. దీంట్లోంచి కాంతి ఎలా వెళుతుందంటే..."

కాంతి ఎలా వెళుతుందో ఐదు నిమిషాలు చెప్పాడు. ముసలాయన మొత్తం విన్నాడు.

"మరి మీ కళ్లజోడుకి వేయించలేదే?"

శ్రీదుర్గకి దగ్గొచ్చింది. మిరపకాయ ఘాటంది.

రామకాంత్ కెమెరా తన వైపు తిప్పుకుని చూశాడు. పలుచటి ప్లాస్టిక్ కవరు, చుట్టూ రబ్బరు బ్యాండు. రెండుసార్లు తుడిచింది దాన్నే. బ్యాండు లాగి కవరు జేబులో పెట్టుకున్నాడు.

ముసలాయన నీళ్ల సీసాతో చేతులు శుభ్రంగా కడుక్కుని, తువ్వాలుకి తుడుచుకున్నాడు.

"ఒకటి తీయనా?"

"జాగ్రత్తండీ, బరువుంటుంది. ఈ బటన్ నొక్కాలి. గట్టిగా కాదు."

"అట్టాగే."

ఆయన స్క్రీన్ వైపు చూడలేదు. కన్ను ఆనించి, మోచేతులు డొక్కలకి బిగించాడు.

"అమ్మా, గడ్డం కొంచెం కిందికి. ఆఁ. పెళ్లికొడుకుగారూ, మీ కొత్త చెప్పులు కుక్క ఎత్తుకుపోతోందండీ."

శేషాచలం తల గట్టు వైపు తిరిగింది. దుర్గాంబ పగలబడి నవ్వింది.

క్లిక్.

ఎక్కడా కుక్క లేదు.

ఫోటోలో ముక్కుపుడకకి ఏడు రాళ్లూ ఉన్నాయి. శేషాచలం భుజం మీద వాలిన మిరప గింజ కూడా ఉంది.

అవతల ట్రాక్టరు దగ్గర్నుంచి ఎవరో కేకేశారు. "బుడాన్ మామా, బస్తాలు పట్టాలి, రా!"

ముసలాయన కెమెరా తిరిగిచ్చాడు.

"మీ చేతిలో కొంచెం పనితనం ఉందండీ," అన్నాడు రామకాంత్ ఉదారంగా. "ఫోన్లో వీడియోలు చూడండి. ఈ వయసులో కూడా నేర్చుకోవచ్చు."

"చూస్తాను బాబూ," అని ఆయన ట్రాక్టరు వైపు నడిచాడు.

దుర్గాంబ నవ్వు కారు ఎక్కినా ఆగలేదు. ఇంటికొచ్చి కళ్లు తుడుచుకుంటేగానీ మాట రాలేదు.

"పెళ్లిలోనూ ఇదేరా. మా పుట్టింటివాళ్లు పెట్టిన కొత్త చెప్పులు పందిరి బయట విడిచొచ్చారు మీ నాన్న. తాళి కడుతున్నా ధ్యాస వాటి మీదే. ఫోటో తీసే కుర్రాడు కనిపెట్టేసి, అచ్చం ఇదే మాటన్నాడు."

శేషాచలం పేపరు తెరిచాడు.

"ఫోటోలు తీసేవాళ్లందరూ అదే అంటారేమోలే అమ్మా," అంటూ రామకాంత్ స్కాన్ చేయడానికి పెళ్లిఫోటోని ఫ్రేములోంచి ఊడదీసి వెనక్కి తిప్పాడు.

ఊదారంగు ముద్ర ఇంకా చెరగలేదు, ఏ అక్షరం మసకబారలేదు: బుడాన్ ఫోటో స్టూడియో, చిలకలూరిపేట.