గున్నమ్మ కట్టని చలానాలు

“మల్లీ ఒచ్చినావా బాబూ? రా, కూకో” అంటూ గున్నమ్మ పీట వాల్చింది.

పోలీసును చూసి ముఖం మాడ్చుకునేవాళ్లను కానిస్టేబుల్ వినోద్ చాలామందినే చూశాడు. సంతోషపడే మనిషి మాత్రం ఈమె ఒక్కతే. పాత చలానాలున్నవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్టించుకు రమ్మని విజయనగరంలో ఎస్సై తరుముతుంటే, ఈ సముద్రపు ఒడ్డు పల్లెకు రావడం ఇది మూడోసారి. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. గున్నమ్మ ముందు రాజేమిటి, ఎస్సై కూడా ఎందుకూ పనికిరాడు.

“ఈపాలి కట్టాల్సిందే పిన్నీ. ఆరుండేవి, ఏడయ్యాయి. అన్నీ హెల్మెట్ లేనివే.”

“కొత్తదొచ్చినాదా? ఏదీ, సూపించు!”

ఫోను లాక్కున్నంత పని చేసింది. కెమెరా తీసిన ఫొటోలో ఆమె మొగుడు నూకయ్య తలకు తువ్వాలు చుట్టుకుని బండి మీద పోతున్నాడు. వేళ్లతో లాగితే బొమ్మ పెద్దదవుతుందని పోయినసారి వినోదే నేర్పాడు.

“సిక్కిపోనాడు కదా?”

“రోజూ సూసేదానివి, నీకే తెలియాలి.”

“ఎక్కడిదిది?”

“గజపతినగరం. మొన్న మంగళవారం పొద్దున్న.”

“ముందుది కోట దగ్గిరిది.”

“అన్నీ గుర్తుపెట్టుకుంటావు, కట్టడమే మర్చిపోతావు. ఇంతకీ మీ ఆయనేడీ?”

“మావ బయటికెల్లినాడు.”

ఎప్పుడొచ్చినా అదే జవాబు. చేపలమ్మిన డబ్బు ఆడవాళ్ల చేతిలోనే ఉండే ఇళ్లు కాబట్టి బండి గున్నమ్మే కొంది, ఆమె పేరు మీదే ఉంది. తిరిగేది ఆయన, తిప్పలు ఈమెకి. పిల్లలు లేరు. వాకిట్లో ఒక్కతే కూర్చుని చేపలు ఎండబెట్టుకుంటోంది. వినోద్‌కు జాలేసింది.

“సూడు పిన్నీ, ఇలాగే ఒదిలేస్తే బండి ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆపేస్తారు. స్టేషన్లో పెడతారు.”

“మనిషినా?”

“బండిని. మనిషినీ కూర్చోబెట్టి నీకు కబురెడతారు. నువ్వొచ్చి సంతకం పెడితేగానీ ఒదల్రు.”

గున్నమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయ్యో, అనవసరంగా బెదరగొట్టానే అనుకున్నాడు వినోద్.

“ఊరుకో, ఊరుకో. అంతా కలిపి తొమ్మిదొందల నలభై అయిదు. నీ ఇంటికి మూడుసార్లు వచ్చిన పెట్రోలే అంతయ్యుంటాది. నేనే కట్టేస్తాను. నా పీడా ఒదుల్తాది, మీ ఆయనా నిమ్మళంగా తిరుగుతాడు. వీలున్నప్పుడు నాలుగు ఎండుచేపలియ్యి, చాలు.”

ఫోనులో అంకెలు నొక్కబోయాడు. గున్నమ్మ గబుక్కున లేచి అతని మణికట్టు పట్టుకుంది. చేపల పొలుసు అంటిన ఆ చెయ్యి ఎంత విదిల్చినా వదల్లేదు.

“కట్టీయకు బాబూ! నీ కాల్లట్టుకుంటాను, కట్టీయకు!”

“అదేటి పిన్నీ! బండి పట్టుకుంటారని సెప్తన్నాను కదా!”

“పట్టుకోనీ బాబూ, పట్టుకోనీ...”

ఆమె రెండో అరచేతిని ఫోను మీద కప్పింది.

“రెండేల్లుగా మావని నానొక్కర్తినే ఎతుకుతన్నాను.”