రెండు వందల గజాల మనిషి

…అయినా ఈ మందలో తనకు పోటీ ఎవడు?

ఒకడు, పొట్ట అడ్డం వచ్చి బోర్లా పడుకోలేని సేటు. ఒకడు, తుపాకి పేలకముందే కళ్లు మూసుకునే పట్వారి కొడుకు. ఇంకొకడు ఈ ముసలివాడు. బొత్తాలూడిన ఖాకీ కోటు, మోకాళ్ల దాకా పంచె.

మహబూబ్‌నగర్ బయట గుట్ట కింద, పోలీసులు గురి నేర్చుకునే చాంద్‌మారీలో నిలబడి దశరథం అందరినీ కళ్లతో కొలిచాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే దశరథానికి మనుషులను కొలవడం అలవాటు. ఇంతవరకు ఎవరూ సరిపోలేదు.

చైనా లడాయి ముగిసిన మరుసటి ఏడు. తుపాకి పోటీకి జిల్లా నుంచి ఒక్కణ్ణే హైదరాబాద్ పంపుతారు. ఆ ఒక్కడు తాను కాకపోతే, సుద్దముక్కలు అరగదీస్తూ ఈ ఊళ్లోనే ముసలివాడైపోతాడు. ఆ ఊహకే అతనికి ఒళ్లు మండింది.

పోటీకి ముందు ఎవరి తుపాకికి వాళ్లు జీరో పెట్టుకోవాలి. అంటే, ఫలానా దూరంలో చూసిన చోటే గుండు తగిలేలా గురిని సరిచేసుకోవాలి.

పోటీ వంద గజాలకు. దశరథం మాత్రం ఇంకా వెనక్కి నడిచి రెండు వందల గజాలకు పెట్టుకున్నాడు.

ముసలివాడు తుపాకుల మిస్త్రీని కాల్చుకు తింటున్నాడు.

"గుండు ఇంక మీదికే పోతాంది బిడ్డా. జర పెద్ద మక్కి ఉంటే చూడు."

గొట్టం చివర నిక్కి ఉండే మక్కిని మిస్త్రీ మళ్లీ ఊడదీశాడు.

దశరథం నవ్వాడు. "ఏం తాతా, మక్కి కోసం గింత తిప్పలా? జర కిందికి గురిచూస్తే అయిపాయె."

"కిందికంటే యాడికి సారూ? నల్ల సుక్కను ఇడిసిపెడితే అంత తెల్లగనే ఉంటది. కన్ను యాడ నిలవాలె?" ముసలివాడు అతణ్ణి పైనుంచి కిందికి చూశాడు. "మీరు సదువుకున్నోళ్లు. తెల్ల కాగితం మీద గూడ సుక్కలు కనవడ్తయేమో."

"హైదరాబాద్‌ల కాల్చేది రెండు వందల గజాలకు. నేను దానికి తయారైతున్న."

"గీ వంద గజాలు దాటకుంటనే హైదరాబాద్ పోతవా?"

సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. దశరథం తన చాప వైపు నడిచాడు. ముసలివాడు జవాబు ఇవ్వదగిన మనిషేం కాదు.

గాలికి నంబరు పలకలు పడిపోయాయి. పోటీ నడిపే పోలీసు ఇన్‌స్పెక్టర్ విసుగ్గా ఎవరి నంబరు వాళ్లకు చెప్పాడు. "నాలుగు కాగితాలున్నయి. లెక్కవెట్టుకోని కాల్చుండ్రి."

ముసలివాడిది రెండు. దశరథానిది మూడు.

రెండు వందల గజాల గురికి వంద దగ్గర గుండు మీదికి పోతుంది గనక, దశరథం నల్ల చుక్కకు కొంచెం దిగువన చూశాడు. ఆ తెలుపులో మక్కి తేలింది. మొదటి గుండుకే చెయ్యి ఎడమకు అదిరింది. ఇంకోసారి మరీ కిందికి జారింది. ఫరవాలేదు, వీళ్లకు ఇది చాలు, అనుకున్నాడు.

కాగితాలు వచ్చాయి. ముసలివాడి కాగితం మీద ఒక్క చిల్లు కూడా లేదు.

"తాతా, గుండ్లన్ని జేబుల ఏసుకున్నవా ఏంది?" అన్నాడు సేటు.

అందరికంటే గట్టిగా దశరథం నవ్వాడు.

ముసలివాడు కాగితాన్ని ఎండకు పట్టి చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు. తుపాకిని కోటు అంచుతో తుడిచి జవాను చేతిలో పెట్టాడు.

"మక్కి మంచిగనే కనవడె బిడ్డా. నా కండ్లే పొయినయ్. ఇగ తుపాకి ముట్ట."

కొల్లాపూర్ బస్సు కోసం రోడ్డు వైపు నడిచాడు.

తర్వాత దశరథం కాగితం చూసి ఇన్‌స్పెక్టర్ కనుబొమలు పైకి లేచాయి. నల్ల చుక్క నడుమ రూపాయి బిళ్లతో కప్పేయగలిగినంత చోట చిల్లులన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి. చుట్టూ మరికొన్ని చెల్లాచెదురుగా ఉన్నాయి.

"ముసలోని గుండ్లు నీ దాని మీద వడ్డట్టున్నయి మాస్టరూ. యేవి ఎవరియో తెల్వనప్పుడు మంచియన్ని కాగితం గల్లోనికే. రూలు గంతే. హైదరాబాద్‌కు నువ్వే."

చప్పట్లు.

కాగితం మీద దశరథం పేరు రాసి ఇచ్చి ఇన్‌స్పెక్టర్ బల్ల దగ్గర కూర్చున్నాడు.

దశరథం కాగితాన్ని తృప్తిగా చూసుకున్నాడు. ఎడమ పక్కన ఒక చిల్లు. చెయ్యి అదిరింది అక్కడికే. అడుగున ఒకటి. జారింది అక్కడికే. ఆ చెదిరినవన్నీ ఒక్కొక్కటే, తన దస్తూరీలా, తనను గుర్తుపట్టాయి.

చాపలు చుడుతున్న జవాను దగ్గరికి వెళ్లాడు. "గా ముసలాయన కాగితాలు ఎట్ల లెక్కవెట్టిండు?"

"ఎట్లంటే ఏంది సార్? నిజాం ఫౌజుల చేసిన మనిషి. ఫౌజుల గింతీ కుడి దిక్కుకెల్లే గద."

దశరథం కాగితాలు కట్టిన చోట్లను కుడి నుంచి లెక్కపెట్టాడు. ఒకటి. రెండు.

రెండోది, ఎడమ నుంచి మూడోది, తనదే.

రోడ్డు మీద కొల్లాపూర్ బస్సు రేపిన దుమ్ము కూడా అణిగిపోయింది. బస్సు జాడ లేదు.

ఎవరూ అడగరు. రూలు తనవైపే ఉంది. సేటూ పట్వారి కొడుకూ అప్పుడే వెళ్లిపోయారు. పొద్దుటి నుంచి ఒక్కొక్కరి మీదా వాలిన ఆ ఏవగింపు ఇక నిలవడానికి ఇంకో మనిషి లేక, మెల్లగా వెనక్కి తిరిగి తన మీదే వాలింది.

"ఆయనది ఏ ఊరు?"

"తెల్వది సార్."

"పేరు?"

"పొద్దుగాల పిలిచిండ్రు గద సార్, మీరు ఇనలేదా?" జవాను వింతగా చూసి చెప్పాడు.

దశరథం బల్ల దగ్గరికి వెళ్లి, ఇన్‌స్పెక్టర్ ముందు ఆ కాగితం పరిచి, జేబులోంచి కలం తీసి, తన పేరు కొట్టేసి, దాని కింద 'కాటమయ్య' అని రాశాడు.