నత్తల పుస్తకం

"ఈ చుట్టలు ఎలా ఉన్నాయో మీరే చెప్పండి." డాక్టరమ్మ నోటు పుస్తకాన్ని బల్ల మీద అవతలి వైపుకు తిప్పింది.

బోర్డుల పెయింటరు దానివైపు చూడను కూడా లేదు. "చుట్టలేంటమ్మా, నత్తలు. ముప్పై ఏళ్లు అక్షరాలు రాసినవాణ్ని పట్టుకుని రోజుకో నత్తను గీయమంటే ఒళ్లు మండదూ?"

పక్క కుర్చీలో అతని భార్య సంచిని రెండు చేతులతో ఒళ్లో అదిమిపెట్టుకుని కూర్చుంది. బోర్డు మీద అక్షరానికి అంచు గీసేది అతను, లోపల రంగు నింపేది ఆమె. పార్కిన్సన్స్ వచ్చి అతని కుడిచెయ్యి వణకడంతో ఆమె కుంచె కూడా మూలపడింది.

ఏడాదిన్నర కింద డాక్టరమ్మ అతని మెదడులో ఎడమ పక్క కొత్త నరాల కణాలు నాటింది. కుడిచేతిని నడిపేది ఆ పక్కే. నాటినవి నారులాంటివి, నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది. నిలిచాయని తేలితే రెండో పక్కా నాటుతారు. తేల్చేది ఈ పుస్తకమే. మాత్ర వేసుకోకముందు, ఇంట్లో, రోజుకో చుట్ట గీయాలి. రెండో ఆపరేషన్‌కు అనుమతిచ్చే కమిటీ ముందుకు సాయంత్రం వెళ్లేది కూడా ఇదే.

ఇదేమో కొంప ముంచేలా ఉంది. మొదటి ఏడాది గీతలు నెలనెలా కుదురుకున్నాయి. తర్వాతి ఆరు నెలల్లో వణుకు సన్నగా మొదలై పెరుగుతూ వచ్చింది. చుట్ట వారంవారం కుంచించుకుపోయి, చివరి పేజీకి చొక్కా గుండీ అంతైంది.

"నిజం చెప్పండి. మందులు మానేశారా? ఎక్కడైనా పడ్డారా?"

"నాకు భేషుగ్గా ఉందంటే వినరేం? పొద్దున గడ్డం నేనే గీసుకున్నాను. ఒక్క గాటు చూపించండి."

"పుస్తకం అలా చెప్పడం లేదు."

"అయితే రెండో ఆపరేషన్ పుస్తకానికే చెయ్యండి."

డాక్టరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. ఏళ్ల తరబడి పడ్డ చాకిరీ, తన పేషెంట్లందరిలోకీ మెరుగ్గా నడిచే మనిషి, చివరికి ఈ గీతల పాలవుతున్నాడు.

"తొందరలో గీసినవేమో డాక్టరమ్మా," అంది భార్య మెల్లగా.

"తొందరలో గీస్తే గీత వంకర పోతుందమ్మా. ఇలా వణకదు, రోజురోజుకీ ఇలా చిన్నదవదు. కావాలని గీద్దామన్నా ఎవరి తరమూ కాదు. పదిహేనేళ్లుగా చూస్తున్నాను. ఇది పార్కిన్సన్స్ ముదురుతున్న చెయ్యి. ఆవగింజంత అనుమానం లేదు."

భార్య సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

డాక్టరమ్మ తెల్లకాగితం ముందుకు తోసింది. "మాత్ర వేసుకోలేదుగా? గీయండి, నా కళ్ల ముందే."

పెయింటరు సణుగుతూ పెన్ను అందుకున్నాడు. చుట్ట పెద్దగా, నిండుగా, వరసకూ వరసకూ మధ్య ఒకే ఎడంతో తిరిగింది. అంతటితో ఊరుకోక, కింద ఓ పెద్ద 'అ' రాసి దాని చుట్టూ అంచు కూడా తీర్చాడు.

డాక్టరమ్మ కాగితాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. సంతోషం ఎంతసేపో నిలవలేదు. "ఒక్కరోజు గీతకు కమిటీ ఒప్పుకోదు. ఈ ఆరు నెలలకూ కారణం చెప్పలేకపోతే మీ పేరు కొట్టేస్తారు. ఇలా గీసే చెయ్యి ఇంట్లో అలా ఎందుకు గీసింది?"

పెయింటరు పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"ఆయన్ని ఏమీ అనకండి," అంది భార్య. "విసుగొచ్చి పుస్తకం మూల పారేశారు. ఖాళీ పేజీలు చూస్తే మీరు పేరు తీసేస్తారని భయమేసింది. ఆయన వదిలింది నింపడం నాకు అలవాటేగా."

ఆమె సంచి మీంచి కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ ఆరు నెలలూ గీసింది నేనే."